గొర్రెకుంట బావి: పోస్ట్‌మార్టం (పీఎం) రిపోర్టులో ‘ఆయుధం’ అని దేన్ని రాయాలి?

2020 మే 21న వరంగల్ శివార్లలోని గొర్రెకుంటలో, గోనె సంచుల గోదాము దగ్గరి బావిలో నాలుగు శవాలు బయటపడ్డాయి. భర్త, భార్య, వాళ్ల కూతురు, ఆ కూతురి మూడేళ్ల కొడుకు. మర్నాడు అదే బావిలోంచి ఇంకో అయిదు. లాక్‌డౌన్ నడుస్తున్న రోజులు, పనుల్లేవు, ఇరవై ఏళ్ల కిందట పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చి వరంగల్‌లో స్థిరపడ్డ కుటుంబం, పైకి చూస్తే ఒంటి మీద పెద్ద దెబ్బలేం లేవు. దాంతో మొదటి రోజు చాలామంది నోట వచ్చిన మాట, కష్టాలు తట్టుకోలేక అందరూ కలిసి దూకేశారని.

రెండో రోజుకి ఆ మాట నిలబడలేదు. అప్పుడు దొరికినవాళ్లలో ఆ దంపతుల ఇద్దరు కొడుకులతో పాటు అక్కడే ఉంటున్న ఇద్దరు బిహార్ కుర్రాళ్లు, త్రిపురకు చెందిన ఒక డ్రైవరు కూడా ఉన్నారు. ఇల్లిల్లంతా కలిసి చచ్చిపోయిన కేసులు మనకు తెలుసు, ఫోరెన్సిక్ డాక్టర్లుగా వాటికి పీఎంలు చేసినవాళ్లం కూడా. కానీ ఆ ఇంటివాళ్ల అప్పులతో, బాధలతో సంబంధం లేని పక్కగది కుర్రాళ్లు వాళ్లతో పాటు ఎందుకు దూకుతారు? అంటే ఈ కేసులో ఆత్మహత్య అనే అనుమానాన్ని మొదట కొట్టేసింది గాయాలు కావు, చనిపోయినవాళ్ల జాబితా.

ముందే ఒకటి చెప్పాలి. ఆ శవపరీక్షలు చేసింది నేను కాదు. పోలీసులు వెల్లడించినవి, విచారణలో బయటికొచ్చినవి ఆధారంగా, మార్చురీలో రోజూ ఇదే పని చేసేవాడి కళ్లతో ఈ కేసును చదువుతున్నాను. మా పీజీ పిల్లలకు ఆయుధం, హంతకుడు, హతుడు అనే మూడింటి సంబంధం చెప్పాల్సొచ్చినప్పుడు నేను ముందు ఎత్తుకునేది ఈ కేసే. పేర్లు రాయడం లేదు, వాటి అవసరం కూడా లేదు.

జరిగింది క్లుప్తంగా ఇదీ. బిహార్ నుంచి వచ్చి ఇక్కడ పని చేసుకుంటున్న ఒక యువకుడు, ఆ ఇంటి ఇల్లాలికి బంధువైన ఒక మహిళతో కలిసి ఉండేవాడు. ఆమె కూతురితో అతని ప్రవర్తన బాగోలేదని ఆమె నిలదీసింది. 2020 మార్చి మొదట్లో పెళ్లి మాట మాట్లాడదామని నమ్మించి ఆమెను గరీబ్‌రథ్ రైలెక్కించాడు. దారిలో మజ్జిగలో నిద్రమాత్రలు కలిపి ఇచ్చి, మత్తులో ఉన్నప్పుడు చున్నీతో గొంతు బిగించి, నిడదవోలు దగ్గర రైల్లోంచి తోసేశాడు. తిరిగొచ్చి ఆమె ఊళ్లో ఉందని చెప్పుకున్నాడు. ఆ ఇల్లాలు మాత్రం ఊరుకోలేదు. మా పిల్ల ఏదీ, పోలీసులకు చెప్తానని గట్టిగా అడిగింది. మే 20న ఆ ఇంట్లో పెద్ద కొడుకు పుట్టినరోజు. అతను వెళ్లాడు, వాళ్లతో కలిసి మెలిసి తిరిగాడు, భోజనంలో నిద్రమాత్రలు కలిపాడు. పక్క గదిలో ఉన్న కుర్రాళ్లు సాక్షులవుతారని వాళ్ల తిండిలోనూ కలిపాడు. అర్ధరాత్రి దాటాక మొదలుపెట్టి తెల్లవారేలోపు, స్పృహ లేని తొమ్మిది మందిని గోనె సంచుల సాయంతో ఒక్కొక్కరినీ ఈడ్చుకెళ్లి బావిలో పడేశాడు. బావిలో పడేటప్పటికి వాళ్లు బతికే ఉన్నారు. సీసీ కెమెరాల్లో దొరికిపోయాడు, కొద్ది రోజుల్లోనే అరెస్టయ్యాడు, 2020 అక్టోబర్ 28న వరంగల్ కోర్టు అతనికి మరణశిక్ష వేసింది.

ఇప్పుడు అసలు విషయం. పీఎం హాల్లో పంచనామా కాగితాలు పట్టుకుని నిలబడే ఎస్సై మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న, “డాక్టర్ గారూ, వెపన్ ఏంటి సార్?” అనే. న్యాయమైన ప్రశ్నే. కానీ గొర్రెకుంటలో దీనికి ఏమని చెప్తారు? మరణ కారణం గడిలో రాసేది నీటమునక. నిడదవోలు దగ్గర దొరికిన శవానికి రాసేది గొంతు బిగించడం. ఈ రెండు రిపోర్టుల్నీ ఒక కంప్యూటర్‌లో వేసి ఒకే పద్ధతిలో జరిగిన హత్యలు ఏవో చూపించమంటే, వీటిని అది జన్మలో కలపదు. ఒకటి గొంతు బిగింపు, ఇంకొకటి నీళ్లు. ఒకటి రైల్లో, ఇంకొకటి గోదాము దగ్గర. ఒకటి ఆంధ్రలో, ఇంకొకటి తెలంగాణలో. చేసింది మాత్రం ఒక్కడే.

అతను చంపే పద్ధతి మార్చాడు. లొంగదీసే పద్ధతి మాత్రం మార్చలేదు, రెండుసార్లూ నిద్రమాత్రలే, రెండుసార్లూ తినే తాగే వాటిలోనే, రెండుసార్లూ తనను నమ్మినవాళ్లకే.

నేను చెప్పదలుచుకున్నది ఇంతే. ఆయుధం గురించి ఆలోచించేటప్పుడు దాన్ని రెండు ముక్కలుగా విడదీసి చూడండి, ఎదుటి మనిషిని ఎదురు తిరగకుండా చేసింది ఏది, ప్రాణం తీసింది ఏది అని. హంతకుడికీ హతుడికీ మధ్య ఉన్న సంబంధం ఎక్కువగా బయటపడేది మొదటి దాంట్లో. మనం రిపోర్టులో రాసేది మాత్రం రెండో దాన్నే.

ఒక్కడు, తొమ్మిది మంది

ఆ తొమ్మిది మందిలో ఆరుగురు మగవాళ్లు, పని చేసుకు బతికేవాళ్లు, కుర్రవాళ్లే ఎక్కువ. ఒక్కడు కత్తి పట్టుకుని ఆ గదుల్లోకి వెళ్తే మొదటి పోటు దిగేలోపే కేకలు లేస్తాయి, రెండో మనిషి లేస్తాడు, మూడోవాడు చేతికందింది తీసుకుంటాడు. అందుకే తొమ్మిది శవాలు అనగానే చాలామంది హంతకులు నలుగురైదుగురు ఉండాలని లెక్క వేసుకున్నారు. మేల్కొని ఉన్న తొమ్మిది మందికైతే ఆ లెక్క సరైనదే. నిద్రపుచ్చిన తొమ్మిది మందికి ఒక్కడు చాలు, కావాల్సింది బలం కాదు, టైమ్. ఇతనికి రాత్రి నాలుగైదు గంటలు దొరికింది.

మరి ఆ ఇంట్లో తిండిలో చెయ్యి పెట్టగలిగేది ఎవరు? బయటి దొంగ పెట్టలేడు, పగవాడు పెట్టలేడు. పుట్టినరోజు నాడు ఇంటికొస్తే ఎవరూ అనుమానించనివాడే పెట్టగలడు. అంటే గాయాల్లేని శవాలు, కడుపులో మత్తుమందు అని తేలిన క్షణంలోనే అనుమానితుల జాబితా ఊరంత నుంచి వంటింటంత అయిపోతుంది. కత్తిపోటు ఉంటే ఇంత తేలిక కాదు, కత్తి ఎవడైనా పట్టుకొస్తాడు.

ఇక్కడ ఇంకో చిక్కు. బాధితుడికీ హంతకుడికీ సంబంధం ఏమిటి అనే గడి ఉంటుంది కదా, దాన్ని ఈ కేసులో తొమ్మిదిసార్లు నింపాలి, తొమ్మిదిసార్లూ ఒకే జవాబు రాదు. ఆ ఇల్లాలితోనే అతనికి అసలు గొడవ. భర్త, పిల్లలు, మనవడు ఆమె మనుషులు కాబట్టి పోయారు. డ్రైవరు ఆ రాత్రి అక్కడున్నాడు కాబట్టి పోయాడు. బిహార్ కుర్రాళ్లు చూస్తారేమో అన్న భయంతో పోయారు. లెక్కల పుస్తకాల్లో ఈ తొమ్మిదీ పరిచయస్తుడు చేసిన హత్యలు అని ఒకే వరుసలో పడిపోతాయి. దర్యాప్తు చేసేవాడు అలా పడనిస్తే, చివరి ముగ్గురి శత్రువుల కోసం వెతుకుతూ కూర్చుంటాడు.

టేబుల్ మీద ఏం కనిపిస్తుంది

స్పృహలో ఉండి మునిగిన మనిషి కొట్టుకుంటాడు. చేతికి ఏది దొరికితే అది పట్టుకుంటాడు, నాచో, గడ్డో, బురదో. ఒక్కోసారి ప్రాణం పోయిన క్షణంలో ఆ పిడికిలి అలాగే బిగుసుకుపోతుంది, మనం వేళ్లు విప్పి చూస్తే లోపల నాచు పోగు ఉంటుంది. గోళ్ల కింద మట్టి ఉంటుంది, వేళ్ల కొసలు బావి రాళ్లకు గీసుకుని ఉంటాయి. మత్తులో ఉన్నవాడిని నీళ్లలో వేస్తే ఊపిరితిత్తులు మాత్రం వాటి పని అవి చేస్తాయి, నీళ్లు లోపలికి పోతాయి, ఊపిరితిత్తులు ఉబ్బి పక్కటెముకల ముద్రలు పడేంతగా పెరుగుతాయి, ముక్కులో నోట్లో సన్నటి తెల్ల నురగ వస్తుంది, తుడిస్తే మళ్లీ వస్తుంది. కానీ అరచేతులు ఖాళీగా, తెరుచుకుని ఉంటాయి. లోపల చూస్తే బతికుండగా మునిగాడని, చేతులు చూస్తే కొట్టుకోలేదని. ఈ రెండూ ఒకే శవంలో కనిపిస్తే విసెరా (రసాయన పరీక్షకు పంపే లోపలి అవయవాలు) మీద మనసు పెట్టాల్సిందే.

రెండోది ఈడ్చిన గీతలు. వీపు మీద, మడమల మీద, మోచేతుల వెనక సమాంతరంగా గీసుకుపోయిన చర్మం. బతికున్నప్పుడు పడ్డ గీత ఎర్రగా, గోధుమ రంగులోకి తిరిగి, అంచుల్లో నెత్తురు చేరినట్టుంటుంది. చచ్చాక పడింది పసుపుపచ్చగా, ఎండిన తోలులా ఉంటుంది. నీళ్లలో నానిన శవంలో ఈ తేడా మసకబారుతుంది, అందుకే చర్మం ముక్క తీసి మైక్రోస్కోప్‌కి పంపాలి, కంటితో చూసి తేల్చేయకూడదు. గొర్రెకుంటలో ఈడ్చిన గీతలే తొలి అనుమానాల్లో ఒకటి. బావిలో దూకేవాడు నడిచెళ్లి దూకుతాడు, వీపు గీసుకుంటూ వెళ్లడు.

ఇంక ఎముక మజ్జలో డయాటమ్‌లు. నీళ్లలో ఉండే కంటికి కనపడని నాచు కణాలివి, గుండె కొట్టుకుంటుంటేనే నెత్తురుతో పాటు మజ్జ దాకా చేరతాయి. దీనికి అదే బావి నీళ్లు కూడా సీసాలో పట్టి పంపాలి, అవి లేకుండా మజ్జ ఒక్కటే పంపితే దేనితో పోల్చాలి? ఇది ఎంత చెప్పినా మర్చిపోయే ఐవోలు (దర్యాప్తు అధికారులు) మర్చిపోతూనే ఉంటారు.

మిగతా ఆయుధాల సంగతి

ముందు లొంగదీయడం, తర్వాత ప్రాణం తీయడం అనే ఈ రెండు మెట్ల లెక్క గొర్రెకుంటకే పరిమితం కాదు. మన దగ్గర పథకం వేసి చేసిన హత్య ఏది తీసుకున్నా ఈ మొదటి మెట్టు ఏదో రూపంలో ఉంటుంది. రాయలసీమ ఫ్యాక్షన్ చూడండి. ముందు నాటు బాంబు పడుతుంది, పొగకీ శబ్దానికీ వెంట ఉన్నవాళ్లు చెల్లాచెదురవుతారు, కిందపడ్డవాడి మీదకి వేటకొడవళ్లతో వస్తారు. శవం మీద రెండు రకాల గాయాలూ పక్కపక్కనే ఉంటాయి, బాంబులోంచి వచ్చిన రాళ్ల ముక్కలు, మేకులు దిగిన చిన్న చిన్న రంధ్రాలు, కాలిన మచ్చలు, వాటి మీదుగా మెడ మీదా తల మీదా ఎముక దాకా దిగిన నరుకుళ్లు. హంతకులు గుంపు, హతుడు మగవాడు, చోటు రోడ్డు, పగలు. పాత పగ. ఇక్కడ బాంబు చేసిన పని గొర్రెకుంటలో నిద్రమాత్ర చేసింది. కళ్లల్లో కారం కొట్టడం, మందు పార్టీ అని పిలిచి పీకల దాకా తాగించడం కూడా అదే కోవ. తాగించి చంపిన కేసుల్లో పక్కన కూర్చుని గ్లాసు నింపినవాడు ఎవడో కనుక్కుంటే సగం దర్యాప్తు అయిపోయినట్టే.

మొదటి మెట్టు అస్సలు లేని హత్యలు కూడా ఉన్నాయి, నిజానికి మార్చురీకి ఎక్కువగా వచ్చేవి అవే. జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) లెక్కల్లో 2022లో దేశం మొత్తం మీద 28,522 హత్య కేసులుంటే, తగాదాల వల్ల జరిగినవే 9,962. కక్షతో 3,761, డబ్బు కోసం 1,884. తగాదా అంటే ఏంటి, గట్టు దగ్గర, బెల్టుషాపు ముందు, ఇంటి వాకిట్లో మాటా మాటా పెరిగి చేతికందింది తీయడం. పొలంలో అయితే కొడవలి, పార. ఇంట్లో అయితే రోకలిబండ, కత్తిపీట. రోడ్డు మీద అయితే బండరాయి. ఆ వస్తువు ఆ చోటిదే, హంతకుడు తెచ్చింది కాదు. హతుడి అరచేతుల్లో, ముంజేతుల మీద అడ్డం పెట్టుకున్న గాయాలుంటాయి, ఎందుకంటే అతను మేల్కొని ఉన్నాడు, ఎదురుగా ఉన్నాడు. ఇలాంటి కేసుల్లో ఆయుధాన్ని బట్టి హంతకుడి మనస్తత్వం ఊహించడం టీవీ చర్చలకు బాగుంటుంది. ఆ క్షణంలో చెయ్యి చాచితే ఏం దొరికిందో అంతకు మించి ఆ రోకలిబండ ఏమీ చెప్పదు.

ఆడవాళ్ల శవాలకు వస్తే లెక్క మారుతుంది. ప్రపంచవ్యాప్తంగా చూస్తే హత్యకు గురయ్యేవాళ్లలో ఎనభై శాతం దాకా మగవాళ్లే. కానీ భర్తో, తోడుగా ఉన్నవాడో చంపిన కేసులు విడిగా తీస్తే, 2017 నాటి ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం బాధితుల్లో 82 శాతం ఆడవాళ్లు. అక్కడ ఎక్కువగా కనిపించేది చేతులు, చున్నీ, దిండు, కిరోసిన్. వీటిలో ఏదీ కొనాల్సిన పనిలేదు, దాచాల్సిన పనీలేదు. బలంలో తేడా ఉన్నచోట ఆ తేడాయే మొదటి మెట్టు, వేరే మత్తు అక్కర్లేదు. తర్వాత ఫ్యానుకు వేలాడదీసి ఉరి వేసుకుందని చెప్తారు. మెడ మీద గుర్తు గొంతుముడికి పైన ఏటవాలుగా చెవి వెనక్కి పోతోందా, లేక గొంతుముడి మీదో కిందో అడ్డంగా చుట్టూ తిరిగిందా అని చూడడం మాకు మొదటి ఏడాదిలోనే నేర్పుతారు. పెళ్లయి ఏడేళ్లు నిండని ఆడపిల్ల శవం ఏ గుర్తుతో వచ్చినా, ఎవరు ఎంత హడావిడి చేసినా, మెడ పొరలు పొరలుగా విప్పి చూడకుండా కాగితం మీద సంతకం పెట్టకూడదు.

విషం గురించి ఒక పాత నమ్మకం ఉంది, అది ఆడవాళ్ల ఆయుధం అని. మన చుట్టూ తేలిన కేసులు చూస్తే అది నిలబడదు. మంగళూరు వైపు 2003 నుంచి 2009 దాకా ఇరవై మంది యువతులకు గర్భం రాకుండా మాత్ర అని చెప్పి సైనైడ్ ఇచ్చింది ఒక స్కూలు మాస్టారు, మగాడు. ప్రసాదం అని చెప్పి విషం పెట్టి పదిమంది ప్రాణాలు తీశాడని 2019 నవంబర్లో ఏలూరు పోలీసులు అరెస్టు చేసిందీ మగాణ్నే, డబ్బు, బంగారం కోసం. గొర్రెకుంట సరేసరి. ఇక్కడ చూడాల్సింది ఆడా మగా అని కాదు, ఎవరి చేతిలోది అడక్కుండా నోట్లో వేసుకుంటాం అన్నది. భార్య ఇచ్చిన కాఫీ, స్వామీజీ ఇచ్చిన ప్రసాదం, పెళ్లి చేసుకుంటానన్నవాడు ఇచ్చిన మాత్ర, అన్నీ ఒకే రకం.

తుపాకీ విషయం కూడా చెప్పి ముందుకెళ్దాం, ఎందుకంటే మా పిల్లలు చదివే పరిశోధనలు చాలావరకు అమెరికావి. అక్కడ 2021లో 26,031 హత్యలు జరిగితే అందులో 20,958 తుపాకీతో. ప్రపంచం మొత్తం మీద 2017లో తుపాకీ వాటా 54 శాతం, పదునైన ఆయుధాలది 22. తుపాకీ ఉన్నవాడికి లొంగదీసే మెట్టు అక్కర్లేదు, దూరం నుంచే పని అయిపోతుంది, పది మంది ఎదురుగా ఉన్నా ఒక్కడు సరిపోతాడు. కాబట్టి ఆ పట్టికల్లో ఆయుధానికి ఒకే గడి ఉండడం వాళ్లకు పెద్ద లోటు కాదు. తుపాకీ అరుదైన మన దగ్గర హంతకుడు ఎదుటి మనిషి ప్రతిఘటనను ఏదోలా దాటాలి. ఆ దాటిన పద్ధతిని రాసుకోకుండా అమెరికా పట్టికను తెచ్చి మన థీసిస్‌లో అతికిస్తే, పర్సెంటేజీలు వస్తాయి గానీ కేసు అర్థం కాదు.

పని దగ్గర మార్చుకోవాల్సింది

నా వరకు నేను రిపోర్టు చివర అభిప్రాయం రాసేటప్పుడు మరణ కారణంతో పాటు, ప్రతిఘటించిన గుర్తులు ఉన్నాయా లేవా, లేకపోతే అందుకు శవంలో కనిపించే కారణం ఏమైనా ఉందా అని ఒక వాక్యం విడిగా రాస్తాను. ఫారంలో దీనికి గడి లేదు, అయినా రాయకూడదని ఎవరూ అనలేదు. కోర్టులో కూడా ఇది పనికొస్తుంది. మత్తుమందు పెట్టడం దానికదే ఒక నేరం, పాత ఐపీసీలో 328, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 123. హత్య సెక్షన్ 103 పక్కన ఇది కూడా నిలబడాలంటే మన రిపోర్టులో దానికి ఆధారం ఉండాలి, ఎఫ్ఎస్ఎల్‌ని (ఫోరెన్సిక్ ల్యాబ్‌ని) మనం అడిగి ఉండాలి.

ఎఫ్ఎస్ఎల్‌కి పంపే కాగితంలో ‘విషం ఉందేమో చూడగలరు’ అని ఒక్క ముక్క రాసి పంపితే ఎక్కువసార్లు వచ్చేది పురుగుమందు లేదు అనే జవాబే. నిద్రమాత్రల కోసం చూడమని, ఏ రకం మాత్రలో పేరు పెట్టి అడగాలి. ఐవో మెడికల్ షాపు నుంచి ఖాళీ స్ట్రిప్పు పట్టుకొస్తే దాని ఫొటో కూడా జత చేయాలి. జీర్ణాశయం, కాలేయం, మూత్రపిండాలు ఎలాగూ ఉప్పునీళ్లలో పెడతాం, వాటితో పాటు సోడియం ఫ్లోరైడ్ వేసిన సీసాలో నెత్తురు. అన్నిటికంటే ముఖ్యంగా మూత్రం. మాత్రలు నెత్తుట్లో తగ్గిపోయినా మూత్రంలో ఇంకొన్నాళ్లు జాడ ఉంటుంది, కానీ మూత్రాశయం కోసేటప్పుడు అది కాస్తా టేబుల్ మీద ఒలికిపోతుంది. పొట్ట తెరవగానే ముందు సిరంజితో లాగి పక్కన పెట్టేయండి, ఆ తర్వాతే మిగతాది. బావిలో, చెరువులో, రైలు పట్టాల పక్కన దొరికిన ప్రతి గుర్తుతెలియని శవానికీ ఇది చేయండి, ముఖ్యంగా ఒంటి మీద ఏమీ లేనివాటికి.